ప్రేవులలో మిగిలిన బాధ

విరేచనములు కట్టినంతనే రోగము పోయినదని మనము తలంతుము. అట్లు పోకుండుటయు గలదు.

2000 సంవత్సరము మే మాసమున కెనడా దేశమందలి వాకర్టన్ అను చిన్న పట్టణమున పెద్దవాన కురిసి, పశువుల పేడనీరు ఊరి బావిలో చేరెను. ఆ నీరు త్రాగి 7గురు మరణించిరి. 2,300 మందికి పైగా జబ్బుపడిరి. వైద్యులు వారిలో అనేకులను 8 ఏండ్లపాటు కనిపెట్టి చూచిరి. రోగక్రిములు ఎన్నడో నశించినను, పలువురిని కడుపునొప్పియు, ఒకనాడు విరేచనము మఱునాడు మలబద్ధమును విడువలేదు. దీనిని వైద్యులు ఐ.బి.ఎస్. అందురు. పరీక్షింపగా ప్రేవులలో పుండు కానరాదు గనుక, ఇంటివారు, ఒక్కొక్కప్పుడు వైద్యులు సైతము, ఇది భ్రమ యని త్రోసివేయుదురు. ఎంత యన్యాయము! ప్రేవులలో సహజముగా వసించు సూక్ష్మజీవుల పొందిక చెడుటయు, అచటి నరములు అతిసున్నితములగుటయు దీనికి కారణములని నేటి శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఇట్టి రోగి వచ్చినప్పుడు మొదట నడుగవలసినది యొకటి గలదు: "అయ్యా, ఈ బాధ మొదలగుటకు ముందు నీకు విరేచనములు పట్టినవా?"