చేతులు చాపి వరసగా...
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

నేను నౌకాదళంలో పనిచేసి రిటైరయ్యాను. చివరి ఏళ్లు విశాఖలోని ఐఎన్ఎస్ డేగలో గడిచాయి. డేగ అంటే మన తెలుగు డేగే. 1991లో ఆ పేరుతో నౌకాదళ వైమానిక స్థావరమైంది. మీరంతా వైజాగ్ ఎయిర్‌పోర్ట్ అనేది దాన్నే. ప్రయాణికుల టెర్మినల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. రన్‌వే, కంట్రోల్ టవర్ నౌకాదళానివి. 2007లో వచ్చిన మూడు కిలోమీటర్ల రన్‌వే మీదే నేవీ డోర్నియర్లూ దిగేవి, హైదరాబాద్ నుంచి మీరెక్కి వచ్చిన విమానమూ దిగేది. కిటికీలోంచి ఫొటోలు తీయవద్దని చెప్పేది అందుకే.

మన డ్రిల్లు మాస్టారు శనివారం చివరి పీరియడ్‌లో మమ్మల్ని చేతులు చాపి వరసగా నిలబెట్టి, మైదానమంతా చెత్త ఏరించేవారు, గుర్తుందా? ఒకసారి నేను గాజుపెంకు చూసి కూడా దాటేశాను. సోమవారం అది ఆరో తరగతి పిల్లాడి కాల్లో దిగింది. తప్పు ఒప్పుకున్నాను. మాస్టారు కొట్టలేదు. ఆ పిల్లాణ్ణి వీపున మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. దారి పొడవునా వాడి ఏడుపు నా చెవిలోనే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. టెర్మినల్ పైకప్పు చీలిపోయింది. రేకుముక్కలు, రాళ్లు, కొమ్మలు ఎక్కడ చూసినా అవే. ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు లేవు. సహాయ విమానాలు దిగాలంటే ముందు రన్‌వే శుభ్రం కావాలి. చిన్న మేకయినా సరే, ఇంజన్ లోపలికి లాక్కుందంటే బ్లేడ్లు దెబ్బతింటాయి. టైరు కింద పడినా ప్రమాదమే. పెద్దవి యంత్రాలు తీస్తాయి. చిన్నవి కళ్లతో వెతికి చేత్తో ఏరాల్సిందే. వరసగా నిలబడ్డాం. నడుం వంచి నడుస్తుంటే నాకు మన మైదానమే కనిపించింది. వారం తిరక్కముందే ప్రయాణికుల విమానాలు మళ్లీ ఎగిరాయి.

ప్రయాణికుల విమానాలు భోగాపురానికి తరలినా డేగ పని డేగకు ఉంటుంది. ఆ వరస కూడా ఉంటుంది.

మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు. మాస్టారూ, ఆ రోజు నా కంటబడ్డ ఒక్క ముక్కనూ దాటలేదండి.

సెలవు.