మూడు వారాల మాస్టార్లు

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన సమయం పదిహేను నిమిషాలు. కార్యదర్శిగారు "పాత జ్ఞాపకాలేవైనా రెండు చెప్పి దిగిపో" అన్నారు. జ్ఞాపకాలు చెబుతాను. కానీ వాటిని అడ్డం పెట్టుకుని చివర్లో ఒకటి అడుగుతాను. ముందే చెప్పేస్తున్నాను, తరవాత మాటమార్చానని అనొద్దు.

1982–83లో నేను తొమ్మిదో తరగతి. సంక్రాంతి సెలవులయ్యాక బి.ఇడి. ట్రైనీలు వచ్చారు. తెలుగు మాస్టారు వాళ్లను ఛాత్రోపాధ్యాయులు అనేవారు. మాకు అంత నోరు తిరగదు కాబట్టి కొత్త సార్లు. చంకలో చుట్టిన చార్టులు, అట్టముక్కలతో చేసిన మోడళ్లు, చేతిలో లెసన్ ప్లాను రికార్డు. వాళ్ల కాలేజీ నుంచి సూపర్‌వైజరు వచ్చి వెనక బెంచీలో కూర్చునే రోజు మాకు ముందే తెలిసిపోయేది. ఎందుకంటే ముందు రోజే ఆ పాఠం ఒకసారి చెప్పేసి, ఏ ప్రశ్నకు ఎవరు చెయ్యెత్తాలో పంచిపెట్టేవాళ్లు. నా వాటాకు కిరణజన్య సంయోగక్రియ వచ్చింది. నిద్రలో లేపినా ఆ నిర్వచనం ఇప్పటికీ చెబుతాను. అర్థం మాత్రం మా అమ్మాయి చదువుకునేటప్పుడు తెలిసింది.

వాళ్లలో లెక్కల ట్రైనీ ఒకాయన ఉండేవాడు. పేరు గుర్తులేదు. సన్నగా, ఎప్పుడూ ఒకే నీలం చొక్కాలో వచ్చేవాడు. పైథాగరస్ సిద్ధాంతం చెప్పాలి. బోర్డు మీద బొమ్మ వేశాడు, మా మొహాలు చూశాడు, బొమ్మ చెరిపేశాడు. "పదండి బయటికి" అన్నాడు. నూతి దగ్గర చేదతాడు తెప్పించి, పన్నెండు సమాన భాగాలొచ్చేలా ముళ్లు వేయించాడు. ముగ్గుర్ని నిలబెట్టి మూడు భాగాలు ఒకవైపు, నాలుగు ఒకవైపు, అయిదు ఒకవైపు లాగి పట్టుకోమన్నాడు. "ఇప్పుడీ మూల చూడండి" అన్నాడు. మా బ్యాచ్‌లో తాపీమేస్త్రీ కొడుకు ఒకడున్నాడు, ఇక్కడే ఎక్కడో కూర్చున్నాడు. వాడు లేచి "సార్, మా నాన్న పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఇలాగే చేస్తాడు" అన్నాడు. అంతవరకు ఆ కుర్రాణ్ణి లెక్కల పీరియడ్‌లో ఎవరూ నోరు తెరవమని అడగలేదు. ఆ సారు సుద్దముక్క వాడి చేతికిచ్చి, మిగతాది నువ్వే చెప్పమన్నాడు.

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరుగారు వచ్చారు. క్లాసులో ఎవరూ లేరు. వేపచెట్టు కిందకి వచ్చి, రికార్డులో రాసిందొకటి, ఇక్కడ జరిగేదొకటి అని మా అందరి ముందే ఆయన్ను మందలించారు. ఆ రోజు ఎన్ని మార్కులు వేశారో మాకు తెలీదు. నేను సివిల్ ఇంజనీరునై ముప్ఫై అయిదేళ్లుగా సైట్ల మీద తిరుగుతున్నాను. టోటల్ స్టేషన్లు వచ్చినా, చిన్న గోడ దగ్గర మేస్త్రీ టేపు పట్టి మూడు, నాలుగు, అయిదు అని మూల చూసుకుంటుంటే నాకు ఆ చేదతాడే గుర్తొస్తుంది.

ఇక రెండో జ్ఞాపకం. ఇది అంత గొప్పది కాదు, ఎందుకంటే ఇందులో మాస్టారుని నేను. 1988లో ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతూ ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి వెళ్లాను. గాంధీ శతజయంతి ఏడాది 1969లో మొదలైన పథకం అది. మీలో చాలామంది వెళ్లే ఉంటారు. పొద్దున రోడ్డు మీద మట్టి వేయడం, మధ్యాహ్నం ఊరి బడిలో పాఠాలు, పది రోజులు. నాకు ఆరో తరగతి భిన్నాలు ఇచ్చారు. నలభై నిమిషాల్లో కూడికలు, తీసివేతలు అన్నీ అయిపోయాయి. "అర్థమైందా?" అన్నాను. "అర్థమైందండీ" అని కోరస్. ఎంత తేలికో అనుకుని ఛాతీ విరుచుకున్నాను.

ఆ బడి హెడ్మాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. లోపలికొచ్చి "అరకి మూడోవంతు కలిపితే ఎంతో పలకల మీద రాయండర్రా" అన్నారు. అంతా రాశారు. దాదాపు అందరి పలకల మీదా 2/5. పైవి పైవి కలిపారు, కిందవి కిందవి కలిపారు. ఆయన నన్నేమీ అనలేదు. ఒక పిల్లాణ్ణి లేపి, "ఒరే, నీ దగ్గర అరరొట్టె ఉంది. ఇంకో ముక్క ఇచ్చాను. నీ రొట్టె పెరగాలా, తరగాలా?" అన్నారు. "పెరగాలండీ." "అరకంటే 2/5 పెద్దదా, చిన్నదా?" పిల్లాడు ఆలోచనలో పడ్డాడు. నేనూ పడ్డాను. నిజం చెప్పొద్దూ, పిల్లలు అలా రాస్తారన్న ఊహే నాకు లేదు. అంతకుముందే ఒక పిల్ల "కిందవి ఎందుకు కలపకూడదండీ?" అని అడిగింది. "అది రూలు, అంతే" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. శిబిరం ముగిసిన రోజు పిల్లలు పూలదండలు వేశారు, ఏడ్చారు. ఆ భిన్నాలు మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సిన పని ఆ ఊరి మాస్టారుకు మిగిలింది.

ఈ రెండూ ఎందుకు చెబుతున్నానంటే, నాలుగేళ్ల కిందట మన సంఘంలో ఒక ప్రయోగం మొదలుపెట్టాం. దగ్గర టౌనులోని డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల్ని మూడు వారాలపాటు మన బడికి తెచ్చి, టీచరు పని ఎలా ఉంటుందో రుచి చూపించాలని. బి.ఇడి. వాళ్ల సంగతి వేరు. 2014 నిబంధనలు వచ్చాక ఆ కోర్సు రెండేళ్లయింది, ఇంటర్న్‌షిప్పు 20 వారాలయింది. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. మంచిదే. కానీ వాళ్లు టీచర్లమవుదామని నిర్ణయించుకుని చేరినవాళ్లు. మరి ఆ నిర్ణయానికి ముందు ఎవరైనా ఒకసారి క్లాసులో నిలబడి చూసే వీలేది? డాక్టరవుదామనుకునే పిల్లాడు ఆసుపత్రి చూసి ఉంటాడు. టీచరు ఉద్యోగాన్ని మాత్రం మనమందరం బెంచీ వైపు నుంచే చూశాం.

ఇంగ్లండులో ఇలాంటిదొకటి నడిచింది. ఫెర్మా చివరి సిద్ధాంతం మీద పుస్తకం రాసిన సైమన్ సింగ్, హ్యూ మేసన్ అనే ఆయనతో కలిసి 2002లో మొదలుపెట్టాడు. విశ్వవిద్యాలయంలో గణితం, సైన్సు, ఇంజనీరింగ్ చదివేవాళ్లు దగ్గరి బడిలో టీచరుకు సాయంగా పనిచేస్తారు, అది వాళ్ల డిగ్రీలో ఒక పేపరు కింద లెక్కకొస్తుంది. నాకు నచ్చింది ఆ చివరి మాటే. లెక్కకొస్తే కాలేజీ పట్టించుకుంటుంది, పిల్లాడు మధ్యలో ఎగ్గొట్టడు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు, 180 గంటలు. ఊళ్లో సర్వే ఫారాలు నింపి సంతకం పెట్టించుకోవడంతో సరిపెట్టే బదులు, ఆ గంటల్లో కొన్ని బడిలో గడపొచ్చు కదా అన్నది మా ఆలోచన.

మొదటి ఏడాది, 2022లో, ఘోరంగా పోయింది. తప్పు నాదే. పదకొండుమంది వచ్చారు. మొదటి రోజే క్లాసులు అప్పగించేశాం. వాళ్లు ఐ.ఐ.టి. గురించి, లక్ష్యాల గురించి ఉపన్యాసాలిచ్చారు, సెల్ఫీలు దిగారు. మన టీచర్లేమో, పాపం వాళ్లను అనడానికి లేదు, యాపుల్లో ఫొటోలు, హాజర్లు ఎక్కించే పని వాళ్లకు అప్పజెప్పి ఊపిరి పీల్చుకున్నారు. మూడో వారానికి నలుగురు మిగిలారు.

మరుసటి ఏడాది మా లెక్కల మాస్టారు, అదిగో ఆ చివర కుర్చీలో ఉన్నారు, నన్ను పిలిచి కేకలేశారు. "తాపీపనికి కుర్రాడొస్తే మొదటిరోజే గోడ కట్టమంటావుట్రా?" అన్నారు. ఆయన పెట్టిన పద్ధతే ఇప్పుడు నడుస్తోంది. మొదటి వారం నోరు విప్పకూడదు. వెనక బెంచీలో కూర్చుని, రోజూ ఒక క్లాసు నోటుపుస్తకాలు దిద్దాలి. ఏ తప్పు ఎంతమంది చేశారో రాయాలి. రెండో వారం రోజుకు ఒక్క పీరియడు, టీచరు లోపలే ఉంటారు. మూడో వారం సాయంత్రం ఒక్కొక్కరికి అయిదుగురు పిల్లలు. అంతకుమించి లేదు. చార్టులు అక్కర్లేదు.

ఆ ఏడాది వచ్చినవాళ్లలో ఎలక్ట్రానిక్స్ మూడో ఏడాది అమ్మాయి ఒకతె ఉంది. పేరు చెప్పను, మిగతాది తన అనుమతితోనే చెబుతున్నాను. ఆమె అయిదుగురిలో ఎనిమిదో తరగతి కుర్రాడొకడు. లెక్కల్లో వాడికెప్పుడూ సున్నాలే. ఏ లెక్క ఇచ్చినా అందులో ఉన్న అంకెలన్నీ తీసి గుణించేసేవాడు. అసలు, వడ్డీరేటు, కాలం ఇస్తే మూడూ గుణిస్తాడు. వయసుల లెక్కలో వయసులు గుణిస్తాడు. వీడికి బుర్ర లేదని అందరం అనుకున్నాం. ఆ అమ్మాయి నాలుగు రోజులు పక్కన కూర్చుంటే తేలిందేమంటే, వాడు ప్రశ్న చదవడం లేదు. చదవలేడు. ఇంగ్లీషులో ఉన్న ఆ రెండు లైన్లలో వాడికి తెలిసినవి అంకెలే. అవే తీసుకుని ఏదో ఒకటి చేస్తున్నాడు. పుస్తకంలో ఒకవైపు ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉంది కదా, తెలుగు పేజీ చదివించింది. అదీ కూడబలుక్కునే చదివాడు. తనే చదివి వినిపిస్తే అయిదు లెక్కల్లో నాలుగు చేశాడు.

నలభైమందిని చూసుకునే టీచరుకు ఇది కనబడకపోవడం వింతేమీ కాదు. ఆ అమ్మాయి వెళ్లేలోగా వాడు ఇంగ్లీషులో లెక్కలు చదవడం నేర్చేసుకున్నాడని నేను చెప్పడం లేదు. మూడు వారాల్లో అది అయ్యే పని కాదు. కానీ వాడి జబ్బేమిటో ఒక కాగితం మీద రాసి లెక్కల టీచరుకు ఇచ్చి వెళ్లింది. ఆ కాగితం ఇప్పటికీ స్టాఫ్‌రూము బీరువాలో ఉంది. వాడు కిందటి మార్చిలో పదో తరగతి రాశాడు, లెక్కల్లో గట్టెక్కాడు.

కథ ఇక్కడితో అయిపోతే హాయిగా ఉండేది. ఏడాది తరవాత ఆ అమ్మాయి తండ్రిగారు నాకు ఫోన్ చేశారు. కౌలు రైతు. అమ్మాయికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, అది వద్దని బి.ఇడి. ఎంట్రన్సు రాస్తానంటోంది. "అప్పుచేసి ఇంజనీరింగ్ చదివించింది పంతులమ్మను చెయ్యడానికా బాబూ? మీ అబ్బాయిని పంపిస్తారా ఈ పనికి?" అని అడిగారు. మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు. నేను పంపలేదు. పంపాలన్న ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది, ఇప్పటికీ లేదు. డి.ఎస్.సి. ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు, పోస్టు వచ్చేదాకా ప్రైవేటు బడిలో ఇచ్చే జీతం ఎంతో ఇక్కడున్న అందరికీ తెలుసు. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆ అమ్మాయి బి.ఇడి.లో చేరింది, ఇప్పుడు రెండో ఏడాది ఇంటర్న్‌షిప్పులో ఉంది. ఫీజుకు మాత్రం తండ్రినే అడగాల్సి రాకుండా మన సంఘంలో ముగ్గురం చూసుకుంటున్నాం. ఆయన ఈ సభకు పిలిస్తే రాలేదు.

అదే జట్టులో వచ్చిన ఇంకో కుర్రాడి సంగతీ చెప్పాలి. చాలా తెలివైనవాడు. పదిహేనో రోజున నా దగ్గరికొచ్చి, "సార్, ఇది నా వల్ల కాదు. ఒకటే మాట నాలుగోసారి చెప్పాల్సొస్తే నాకు కోపమొస్తోంది. ఇవాళ ఒక పిల్ల మీద అరిచాను" అన్నాడు. వాణ్ణి పంపించినందుకు నేను బాధపడలేదు. ఆ మాట ఉద్యోగంలో చేరిన పదేళ్లకు తెలిసి, ఇంకో పాతికేళ్లు అరుస్తూ గడిపేవాళ్లను మనం చూడలేదా? వీడికి పదిహేను రోజుల్లో తెలిసింది.

ఇప్పుడు నేను అడుగుతానన్నది. మన సర్వసభ్య సమావేశం బడికి ముఖద్వారం కట్టాలని తీర్మానించింది. దానికి డ్రాయింగు గీసిందీ నేనే, అంచనా తొమ్మిది లక్షలని చెప్పిందీ నేనే. ద్వారం కట్టొద్దని అనను, అంటే ఇక్కణ్ణుంచి దిగనివ్వరు. పైన ఆ రెండు కలశాలు, సిమెంటు నెమళ్లు తీసేస్తే లక్షన్నర మిగులుతుంది. కిందటి ఏడాది ఎనిమిదిమంది పిల్లలకు మూడు వారాల బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనం, దిద్దడానికి ఎర్ర పెన్నులతో సహా అయిన ఖర్చు 31 వేలు. నెమళ్ల డబ్బుతో నాలుగేళ్లు గడుస్తుంది.

డబ్బు కంటే కష్టమైనవి రెండున్నాయి. రిటైరైన మాస్టార్లు ఇద్దరు ముగ్గురు మొదటివారం వచ్చి ఆ పిల్లలతో కూర్చోవాలి, బడిలో ఉన్న టీచర్లకు ఆ తీరిక లేదు. మనలో కాలేజీల్లో పనిచేసేవాళ్లు తమ ప్రిన్సిపాళ్లతో మాట్లాడి ఈ గంటల్ని ప్రాజెక్టు కింద లెక్కకట్టేలా చూడాలి. పోయినసారి ఒక కాలేజీ ముందు సరేనని, చివర్లో హాజరు ఇవ్వమంది. పిల్లలు ఇద్దరు నష్టపోయారు.

ఈసారి సంక్రాంతి సెలవులవగానే ఎనిమిదిమంది వస్తున్నారు. అయిదుగురు అమ్మాయిలు. ముగ్గురు రోజూ టౌను నుంచి వస్తారు, ఇద్దరిది దూరం, చివరి బస్సు అందదు. మూడు వారాలు వాళ్లను ఇంట్లో ఉంచుకోగలిగినవాళ్లు బయట బల్ల దగ్గర కార్యదర్శిగారికి పేరు రాయించండి. ఒక గది చాలు, భోజనం సంగతి మేం చూసుకుంటాం.