జబ్బు ఒక్క కిడ్నీల్లోనే లేదు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఉద్దానంలో నిలబడి ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్ళం కిడ్నీ జబ్బును దాటి వెళ్ళలేము. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దాని పేరు వినని ఇల్లు లేదు. 2018లో వెలువడిన ఒక సర్వే ప్రకారం ఇక్కడి పెద్దవాళ్ళలో నూటికి సుమారు 18 మందికి ఈ జబ్బు ఉంది. వారిలో ముప్పాతికమందికి దాకా షుగరు, బీపీ వంటి తెలిసిన కారణమేదీ కనిపించలేదు.

మేము ఏ ఊరు వెళ్ళినా అడిగే ప్రశ్న ఒక్కటే. "నీళ్ళ వల్లేనేటండీ?" అడగడంలో తప్పులేదు. భూగర్భజలాలు పరీక్షించారు. సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు. ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా పనిచేయడం, అతిగా వాడే నొప్పి బిళ్ళలు, వంశపారంపర్యం, వీటిమీదా అనుమానం ఉంది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో, ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరకు కూలీల్లో ఇటువంటి జబ్బే ఉంది. ఇదిగో ఇదొక్కటే కారణమని ఎక్కడా తేలలేదు.

ఇక్కడ ఒక డాక్టరుగారి మాట చెప్పాలి. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జి ఎంగెల్ గారు 1977లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. రోగాన్ని శరీరంలోని లోపంగా మాత్రమే చూస్తే చాలదు, ఆ మనిషి మనసును, అతను బతికే సంఘాన్ని కూడా కలిపి చూడాలన్నది దాని సారాంశం. మన అమ్మమ్మలకు తెలియని సంగతేం కాదు. వైద్యులు పుస్తకంలో రాసుకోవడానికే అంతకాలం పట్టింది!

కొబ్బరితోటలోనో జీడితోటలోనో కూలికి పోయే ఒక మనిషిని ఊహించుకుందాం. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. కొట్లో చీటీ లేకుండా దొరికే నొప్పి బిళ్ళ వేసుకుంటాడు, రేపు మళ్ళీ పనికి పోవాలి కదా. కిడ్నీలు మాటకారులు కావు. సగానికి పైగా దెబ్బతిన్నా నొప్పి చెప్పవు, చాలామందికి వాపూ రాదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. ఖర్చు పెద్దది కాదు. అయినా చేయించుకోడు. ఎందుకు? ఆ అంకె ఎక్కువ వస్తే "ఇంక నా పని అయిపోయింది" అన్న భయం. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే ఇంకో భయం. "ఆ ఇంట కిడ్నీ జబ్బట" అంటే సంబంధం వెనక్కు పోతుంది. కాబట్టి దాస్తాడు, బిళ్ళ మాత్రం మానడు. పిల్ల పెళ్ళి గురించిన దిగులు చివరకు తండ్రి కిడ్నీలోకే దిగిందన్నమాట. ఇందులో శరీరమెంత, మనసెంత, సంఘమెంత? విడదీసి చూపగలరా ఎవరైనా?

దీనిమీద 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. కొబ్బరి, జీడిచెట్లు నేలకూలాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు తోటనే నమ్ముకున్న ఇంట్లో రోగి మందులు ఎవరు కొనాలి? తుఫాను లెక్క రాసేటప్పుడు చెట్లు రాసుకుంటారు, ఆగిపోయిన మందులు ఎవరూ రాయరు.

జరిగిన మంచి కూడా చెప్పుకోవాలి. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను మొదలైంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. ఒకప్పుడు విశాఖపట్నం పోవలసినవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. కానీ డయాలసిస్ అంటే మామూలుగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. తోడు ఒకరు రావాలి. ఇద్దరి కూలీ పోతుంది, ఆటో ఖర్చు వేరే. రోగి ఇంటి ఇల్లాలైతే పిల్లలకు వండిపెట్టి గానీ బయలుదేరదు. ఒక్కోవారం మానేస్తుంది కూడా.

తిండి దగ్గర మరో ఇబ్బంది. జబ్బు ముదిరినవారికి పొటాషియం ఒంట్లో నిలిచిపోతుంది, అది గుండెకే ప్రమాదం. కొబ్బరినీళ్ళలో అది మెండు. ఉద్దానంలో పుట్టి కొబ్బరిబొండం వద్దనాలంటే ఎంత కష్టమో ఆలోచించండి! చుట్టం కొట్టి ఇచ్చిన బొండం కాదంటే ఆయనకు కోపం, తాగితే వీరికి చేటు. ఇఫ్తారులో ఖర్జూరమూ అంతే. ఇక ఉపవాసం మాట. రోగికి మినహాయింపు ఖురానులోనే ఉంది, తరువాత ఉండవచ్చు, కోలుకోని జబ్బైతే పేదకు అన్నం పెట్టవచ్చు. అయినా "నలుగురూ ఏమనుకుంటారో" అని మందులు మాని ఉపవాసం పట్టేవారున్నారు. వారికి డాక్టరు చెబితే చాలదు, మసీదులో పెద్దలు కూడా చెప్పాలి.

సంఘాన్ని మేము కోరేవి కొన్నే. డయాలసిస్ రోజుల్లో రానుపోను ఒక ఆటో మాట్లాడితే మంచిది. తోడు వెళ్ళడానికి మన కుర్రవాళ్ళు వంతులు వేసుకోవాలి. పెళ్ళిళ్ళలో పదిమంది మధ్య "నీకు క్రియాటినిన్ ఎంత?" అని దయచేసి ఎవరినీ అడగవద్దు.

రక్తపరీక్ష చేయించుకోదలచినవారు సభ అయ్యాక కార్యదర్శిగారి వద్ద రాయించుకోవచ్చు. చీటీమీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఫలితం ఎవరిది వారి చేతికే ఇస్తారు.