తలకు తగిలిన దెబ్బ – గ్రంథాలయము చేయదగిన పని
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో సైన్యమున పనిచేసి వచ్చినవారు కలరు. కాలు పోయినవానిని చూచి లోకము జాలిపడును. తలకు దెబ్బ తగిలినవాని గాయము పైకి మానును. మతిమరుపు, చిరాకు, తలనొప్పి లోపల మిగులును. కొందరికి ఏండ్లు గడచిన పిదప మూర్ఛ వచ్చును. ఇది సైనికసేవవలన కలుగలేదని వైద్యమండలి వ్రాసినచో అంగవైకల్యపు పింఛను దొరకదు.

ఆ నిరాకరణము కడమాట కాదు. మూర్ఛ కారణముగా సైన్యమునుండి పంపివేయబడిన ధరంవీర్ సింగ్ వ్యాజ్యమున 2013లో సుప్రీంకోర్టు ఇట్లు తీర్పు చెప్పినది: చేరునాటి వ్రాతలో లేని జబ్బు తరువాత బయటపడినచో సేవవలన వచ్చినదనియే ఎంచవలెను, రుజువు భారము సైనికునిది కాదు, సందేహఫలము ఆతనికే చెందవలెను. ఆ తీర్పు 1982 నాటి నియమములనుబట్టి వచ్చినది. 2023లో నియమములు మారినవి గనుక, సైన్యము విడిచిన తేదీని ముందు చూచుకొనవలెను.

మొదట సైన్యాధికారులకు అప్పీలు. పిదప సాయుధ దళముల ట్రిబ్యునల్. మన రాష్ట్రపు వ్యాజ్యములను చెన్నై ధర్మాసనము విచారించును. కడపటి ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలో అచటికి పోవుట విధి.

మతిమరుపు గలవాడు తేదీలు గుర్తుంచుకొనునా? కాగితములు దాచుకొనునా? ఆతని జబ్బే ఆతని వాదమునకు అడ్డు. కావున చదువరులారా, ఆతని ప్రక్కన కూర్చుండుడు. ఆసుపత్రి కాగితములు, వైద్యమండలి నివేదిక వెదకి ప్రతులు తీయుడు. ఉత్తర్వు చదివి చెప్పుడు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు వెంట పోవుడు. ఇరువదియైదేండ్లు మనము నేర్చిన చదువునకు ఇంతకన్న మంచి వినియోగము లేదు.