నెగెటివ్ వచ్చింది, ఎప్పుడు నమ్మాలి?

(మింజూరు యువజన కూడికలో చేసిన ప్రసంగం)



మన పక్కనున్న మద్రాసు మెడికల్ కాలేజీలోనే 1986లో డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని నిర్మల దేశంలో మొదటి హెచ్‌ఐవి కేసులను కనిపెట్టారు. ఆనాటి కంటే పరీక్షలు ఎంతో మెరుగయ్యాయి. అయినా ఏ పరీక్షా మర్నాడే నిజం చెప్పలేదు. వైరస్ ఒంట్లో చేరాక పరీక్షకు దొరికేదాకా పట్టే కాలమే విండో పీరియడ్.

వైరస్‌నే వెతికే న్యాట్ పరీక్షకు 10 నుంచి 33 రోజులు పడుతుంది. ల్యాబులో యాంటిజెన్, యాంటీబాడీ రెండూ చూసే రక్తపరీక్షకు 18 నుంచి 45 రోజులు. యాంటీబాడీలనే చూసే ర్యాపిడ్ పరీక్షకు 23 నుంచి 90 రోజులు. కాబట్టి వారానికే వచ్చిన నెగెటివ్ కాగితం చూపించి పెళ్లికి సిద్ధపడితే, కట్టుకోబోయే మనిషికి అన్యాయం చేసినట్టే. ఆ రోజుల్లోనూ వైరస్ ఇతరులకు అంటుతుంది. రక్తదానమూ చేయకూడదు. 90 రోజులు నిండాక మళ్లీ పరీక్ష చేయించుకోండి.

ప్రమాదం జరిగి 72 గంటలు దాటకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 28 రోజులు వాడే నివారణ మందులున్నాయి. అవి వాడినవారు మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలో డాక్టరే చెబుతారు.

ప్రభుత్వ ఆసుపత్రుల ఐసిటిసి కేంద్రాల్లో పరీక్ష ఉచితం. సందేహముంటే 1097కు ఫోన్ చేయండి. 2017 చట్టం ప్రకారం మన సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

పాజిటివ్ వస్తే బ్రతుకు ముగిసిపోదు, మందులున్నాయి. కుష్ఠరోగిని ముట్టిన ప్రభువును ఆరాధించే మనం ఆ సహోదరుణ్ణి, సహోదరిని వెనక బల్లకు నెట్టవద్దు. మన భయమే వారిని పరీక్షకు రాకుండా ఆపుతోంది.