రంగుల ప్రింటరు – మన చెయ్యి ఎంతవరకు?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం చూడటానికి చిన్నదే. సంఘం కార్యాలయంలో ఉన్న రంగుల ప్రింటరును బయటివాళ్ళను పిలవకుండా మనమే ఎలా నడుపుకుంటున్నామో చెప్పమన్నారు. అయితే 2020 జనవరి 31న స్వచ్ఛంద విరమణ తీసుకున్న మన టెలికం సోదరులలో కొందరు, వచ్చిన డబ్బులో కొంత పెట్టి పిల్లలచేత జిరాక్సు షాపులు తెరిపించారు. వాళ్ళు కొన్నవన్నీ సెకండ్‌హ్యాండు యంత్రాలే. నెలకు రెండుసార్లు మెకానిక్కును పిలిస్తే ఆ షాపుకు మిగిలేది ఏమీ ఉండదు. కనుక ఇది సంఘం ఖర్చుల మాట మాత్రమే కాదు, కొన్ని ఇళ్ళ గడుబాటు మాట కూడాను.

ముందుగా లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ఈ యంత్రానికి గుండెకాయ డ్రమ్ము. వెలుతురు తగిలినచోట విద్యుత్తును వదిలేసే పూత దాని మీద ఉంటుంది. చీకట్లో దానికి చార్జి ఎక్కిస్తారు. లేజరు కిరణం అక్షరం ఆకారంలో దాన్ని తాకుతుంది. తాకినచోట చార్జి పోయి, అక్కడ టోనరు అంటుకుంటుంది. టోనరంటే సిరా కాదండీ, రంగు కలిపిన మెత్తటి ప్లాస్టిక్ పొడి. పసుపు, మెజెంటా, సయాన్, నలుపు – ఈ నాలుగు రంగులకు నాలుగు డ్రమ్ములు. నాలుగూ ఒకదానిమీద ఒకటిగా ఒక బెల్టు మీద బొమ్మను దించుతాయి. బెల్టు నుంచి అది కాగితం మీదకు వస్తుంది. ఆఖరున ఫ్యూజరు అనే వేడి రోలర్ల మధ్య నలిగి, పొడి కరిగి కాగితానికి పట్టుకుంటుంది. రంగు యంత్రమైనా, మామూలు జిరాక్సు యంత్రమైనా సూత్రం ఒక్కటే.

ఈ సూత్రం కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ పెద్ద ప్రయోగశాలలో కూర్చున్న మనిషి కాదు. పేటెంటు కాగితాలకు నకళ్ళు తీసీ తీసీ విసిగిపోయిన ఉద్యోగి. దానికి తోడు కీళ్ళనొప్పులు. (ఇక్కడ కొందరు నవ్వుతున్నారు, వారి బాధ నాకు తెలుసు.) 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో, గంధకం పూసిన జింకు రేకును గుడ్డతో రుద్ది చార్జి ఎక్కించి, పొడి చల్లి, మైనపు కాగితం మీదకు మొదటి నకలు తీశాడు. గుడ్డ, రేకు, పొడి – అంతే సామగ్రి. అందుకే ఈ యంత్రాన్ని చూసి మనం బెదిరిపోనక్కరలేదని నా అభిప్రాయం.

మనం స్ట్రోజర్ ఎక్స్‌ఛేంజీలలో పనిచేసినవాళ్ళం. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. ఒక కాంటాక్టు మీద దుమ్ము పడితే ఎక్కడో ఒక ఇంట్లో ఫోను మూగపోయేది. సెలెక్టర్ల వరసలో తప్పు ఏ వైపర్‌లో ఉందో చెవితో, కంటితో పట్టుకునేవాళ్ళం. ప్రింటరుకు కావలసినదీ అదే చదువు. తప్పు ఎక్కడుందో కనుక్కోవటం ముందు, స్క్రూడ్రైవరు పట్టుకోవటం తరువాత.

ఆ మాటకు ఒక ఉదాహరణ. మన పత్రికలో శ్రద్ధాంజలి పేజీ ఉంటుంది. కుటుంబంవారు ఆ పేజీని కత్తిరించి దాచుకుంటారు, కొందరు పటం కట్టించుకుంటారు. ఒక నెల ఆ పేజీలో ఫోటో మీద నీలి చుక్కలు పడ్డాయి. చుక్క సరిగ్గా మన మిత్రుని నుదుటి మీద. అది అలాగే వారింటికి పంపటానికి ఎవరికీ మనసొప్పలేదు. పిలిపించిన కుర్రవాడు చూసి, “బెల్టు యూనిట్టు మొత్తం మార్చాలి బాబాయిగారూ, నలభై వేల పైమాటే అవుతుందండీ” అన్నాడు.

నేను స్కేలు తీసుకున్నాను. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 94 మిల్లీమీటర్లు. ప్రతి పేజీలోనూ అంతే. తిరిగే వస్తువు మీద మచ్చ ఉంటే, అది ఒక చుట్టు తిరిగినప్పుడల్లా కాగితం మీద ఒక గుర్తు పెడుతుంది. ఆ దూరాన్ని 3.14తో భాగిస్తే ఆ వస్తువు అడ్డుకొలత వస్తుంది. 94ను భాగిస్తే 30 మిల్లీమీటర్లు. మన యంత్రంలో డ్రమ్ము అడ్డుకొలత 30 మిల్లీమీటర్లే. బెల్టు చుట్టుకొలత దానికి ఎన్నో రెట్లు. పైగా చుక్క ఒక్క నీలిరంగులోనే ఉంది. తప్పు బెల్టుదో ఫ్యూజరుదో అయితే ఏ రంగు వేసినా కనపడాలి కదా! “సయాన్ డ్రమ్ము ఒక్కటి మార్చి చూడు బాబూ” అన్నాను. మార్చాడు, చుక్క పోయింది. ఆ కుర్రవాడు మంచివాడే. వాడికి పాతది తీసి కొత్తది వెయ్యటం నేర్పారు, స్కేలు పట్టటం ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు వాడి సంచీలో స్కేలు ఉంటోంది.

చారల సంగతి వేరు. కాగితం పొడవునా ఒకే రంగులో తెల్లటి చార వస్తే, లేజరు వెలుతురు వచ్చే సన్నని అద్దం మీద దుమ్ము పడిందేమోనని ముందు అనుమానించాలి. చాలా యంత్రాల్లో దాన్ని తుడవటానికే ముందు తలుపు లోపల ఒక పుల్ల ఇస్తారు. తాపీగా రెండుమూడుసార్లు బయటికి లాగి లోపలికి తోస్తే సరి. చార కాపీ తీసినప్పుడు మాత్రమే వచ్చి, కంప్యూటరు నుంచి ప్రింటు తీస్తే రాకపోతే, ప్రింటరు జోలికే పోవద్దు. కాగితాలు తనంతట లాక్కునే పైభాగం కింద వేలెడు వెడల్పు అద్దం ఉంటుంది. దాని మీద వైట్‌నరు మరకో, జిగురు చుక్కో ఉంటుంది. ఇంత చిన్న పనికి మెకానిక్కు విజిటింగ్ చార్జీలు కట్టిన షాపులు నాకు తెలుసు.

కాగితం ఇరుక్కోవటం వానాకాలపు జబ్బు. గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళకు వేరే చెప్పాలా! చెమ్మ పట్టిన కాగితం వంకర తిరుగుతుంది, రంగు సరిగా పట్టదు. రీము విప్పితే మిగిలిన కాగితాన్ని దాని పొట్లంలోనే చుట్టి పెట్టండి. సాయంత్రం షాపు మూసేటప్పుడు ట్రేలో కాగితం వదలకండి. అయినా ఇరుక్కుంటుంటే, కాగితాన్ని లాక్కునే రబ్బరు రోలర్లు కాగితపు నూగుతో నున్నబడి ఉంటాయి. నీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో, రోలరును తిప్పుతూ తుడవండి. గరుకు మళ్ళీ తేలుతుంది. తేలకపోతే రోలరు మార్చాలి, అది అంత ఖరీదుండదు.

ఇక టోనరు ఒలికితే ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరు పెట్టవద్దు. ఆ పొడి దాని సంచీలోంచి దూరి గదంతా చిమ్ముతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడిగుడ్డతో ఎత్తాలి. చేతికీ బట్టకీ అంటితే చన్నీళ్ళే వాడండి. వేడినీళ్ళు పోస్తే ప్లాస్టిక్ కరిగి మరక శాశ్వతంగా ఉండిపోతుంది. వాడేసిన టోనరు డబ్బాను మంటలో వేయవద్దు, ఆ పొడి భగ్గుమంటుంది. డ్రమ్ము బయటికి తీస్తే వెంటనే నల్లగుడ్డ కప్పాలి, దాని నున్నటి భాగం మీద వేలు పెట్టకూడదు.

ఇంతవరకూ మన చెయ్యి. ఇక్కడినుంచి కాదు. లేజరు పెట్టెను ఏ కారణంచేతనూ విప్పవద్దు. ఆ కిరణం చాలా యంత్రాల్లో కంటికి కనపడదు, కానీ కంటిని పాడుచేస్తుంది. మనలో చాలామంది కాటరాక్టు ఆపరేషన్లు అయినవాళ్ళం, ఉన్న చూపును పొదుపుగా వాడుకుందాం. ఫ్యూజరు నూటయాభై డిగ్రీలకు పైబడి కాలుతుంది. అందులో కాగితం ఇరుక్కుంటే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, అరగంటకు పైగా ఆగండి. కస్టమరు తొందరపెడుతున్నాడని చెయ్యి పెట్టవద్దు. హైవోల్టేజి బోర్డు, పవర్ సప్లై కూడా మెకానిక్కు పనే. లైను మీద చేతులు పెట్టి బతికినవాళ్ళమన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ప్రింటరును ఇన్వర్టరుకు గాని కంప్యూటరు యు.పి.ఎస్.కు గాని తగిలించవద్దు. ఫ్యూజరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును అవి తట్టుకోలేవు. తగినంత సామర్థ్యమున్న స్టెబిలైజరు, మంచి ఎర్తు ఉండాలి.

రంగుల తేడా గురించి చాలామంది అడిగారు. ముఖాలు పచ్చగా వస్తున్నాయంటే వెంటనే టోనరును తిట్టవద్దు. యంత్రం వేడెక్కాక మెనూలో కాలిబ్రేషన్ చేయించండి. చాలా యంత్రాలు రంగుల పట్టీలున్న పేజీని అచ్చు వేసి, దాన్ని అద్దం మీద పెట్టమంటాయి. తన రంగును తానే చూసుకుని సరిదిద్దుకుంటాయి. టోనరు మార్చినప్పుడు, వాతావరణం బాగా మారినప్పుడు ఇది చేయాలి. శ్రద్ధాంజలి పేజీ వేసే ముందు మేము తప్పకుండా చేస్తాం.

కాంట్రాక్టు రద్దు చేద్దామని కార్యవర్గంలో కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మన సంఘానికి పని తక్కువ కనుక పేజీకింత అని కట్టే కాంట్రాక్టు దండగ, అది మానవచ్చు. ఏడాదికోసారి వానలకు ముందు మెకానిక్కును పిలిచి, డబ్బిచ్చి, లోపలంతా శుభ్రం చేయించుకోవటం మాత్రం మానకూడదు. రోజంతా నడిచే షాపువాళ్ళకు లెక్క వేరు. వాళ్ళు ఎన్ని పేజీలు తీశారో, ఏ డ్రమ్ము ఎప్పుడు వేశారో ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. మన ఫాల్టు డాకెట్లలాగే తేదీ, తప్పు, చేసిన పని. ఆ పుస్తకం ఉన్నవాడిని ఏ మెకానిక్కూ మోసం చెయ్యలేడు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. వచ్చే శనివారం ఉదయం పది గంటలకు సంఘం కార్యాలయంలో యంత్రం ముందు తలుపు తీసి చూపిస్తాను. షాపులున్నవాళ్ళు పిల్లల్ని కూడా వెంటబెట్టుకు రండి. పాత చొక్కాలు వేసుకుని, చారలు, చుక్కలు పడిన కాగితాలు ఏవైనా ఉంటే పారెయ్యకుండా పట్టుకురండి. స్కేలు నేను తెస్తాను.