ఎర్ర కణాలూ, కలరా ఉండలూ



మన రక్తంలో ఎర్ర కణాలున్నాయి. మనం తిన్న అన్నం చక్కెరగా మారి వాటికి అందుతుంది. ఆ చక్కెరను శక్తిగా మార్చేవి ఎంజైములు. పాలకు తోడు ఎలాగో, కణానికి ఇవి అలాగ.

వాటిలో ఒకటి జీ సిక్స్ పీడీ. చక్కెరను వాడుకుని ఎర్ర కణానికి కాపలా కాస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఇది తక్కువ. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. బాగానే తిరుగుతారు. కొన్ని మందులు పడితే తంటా. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ అలాంటిదే. దీనికి కారణం 1956లో తెలిసింది. ఆ మందు పడితే వీళ్ల ఎర్ర కణాలు పగిలిపోతాయి. కళ్లు పచ్చబడతాయి. ఆయాసం వస్తుంది. మూత్రం టీ డికాషన్ రంగులో పడుతుంది. వెంటనే మాత్ర ఆపి ఆసుపత్రికి పోవాలి.

కలరా ఉండలతోనూ ఇదే ప్రమాదం. ఆ ఉండలేసి పెట్టెలో దాచిన బట్టల్లో పసిబిడ్డను చుట్టకండి. కామెర్లు ముదిరితే బిడ్డ మెదడు దెబ్బతింటుంది. ఆకుపసరు పోస్తూ రోజులు గడపకండి.

ఈ లోపం ఎక్కువగా తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. దాంతో కోడలిని ఆడిపోసుకునేవాళ్లున్నారు. ఆమెకూ అది పుట్టుకతో వచ్చిందే కదా!

అందరూ మలేరియా మాత్రలు మానక్కర్లేదు. ప్రైమాక్విన్ ఇచ్చేటప్పుడు "జీ సిక్స్ పీడీ రక్తపరీక్ష చేస్తారా?" అని నర్సమ్మను అడగండి.